గోరు మిషను

సోమవారం వచ్చిందంటే నర్సు హుమేరా చేసే మొదటి పని తన చూపుడువేలిని మిషను నోట్లో పెట్టడం. సబ్‌సెంటరు ఊడ్చుకునేదీ, టీకాల డబ్బాలో ఐసు చూసుకునేదీ ఆ తర్వాతే. బట్టలారేసే క్లిప్పుకు పెద్దన్నలా ఉంటుంది ఆ మిషను. వేలు పెడితే లోపల తెల్లటి దీపం వెలుగుతుంది. గోరును ఫొటో తీసుకుని, గోరు కింది రంగును బట్టి ఒంట్లో రక్తమెంతో లెక్కగట్టి పక్కనున్న ట్యాబుకు చెబుతుంది. సూది పొడిచే పని లేదు, చుక్క రక్తం కారే పని లేదు. మూడు నెలల కిందట చిత్తూరులో ఒక పూట ట్రైనింగు ఇచ్చి చేతిలో పెట్టి పంపారు. రాళ్ళకుప్పం ఆడవాళ్ళు మొదటిరోజే దానికి గోరు మిషనని పేరు పెట్టేశారు.

ఎంత తెలివైన మిషనైనా దానికీ ఒకరు నేర్పాలి కదా. వారానికొకసారి ఒక మనిషి గోరు చూపించి, ఈ గోరుకు ఇంత రక్తం అని ట్యాబులో కొట్టాలి. ఆ మనిషిని ఆధారంగా పెట్టుకుని మిగిలినవాళ్ళను లెక్కేస్తుంది. ఆరోగ్యంగా ఉండి, రక్తపరీక్ష రిపోర్టున్న మనిషైతే ఎవరైనా సరే అన్నారు ట్రైనింగులో. సబ్‌సెంటర్లో ఉండేది హుమేరా ఒక్కతే. ఉద్యోగంలో చేరేటప్పుడు ఇచ్చిన మెడికల్ సర్టిఫికెట్లో పన్నెండు పాయింట్ ఆరు అని ఉంది. అదే కొట్టింది. ట్యాబు సంతోషంగా ఒక గంట మోగించింది.

ఆ గంట ఆగకముందే మునెమ్మ కోడల్ని వెంటబెట్టుకుని మెట్లెక్కింది. మెట్లంటే నాలుగే. ఆ నాలుగు మెట్లకే లోహిత తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఏడున్నర నెలల కడుపు. పెళ్ళికి ముందు డిగ్రీ రెండేళ్ళు చదివిన పిల్ల, ఇప్పుడు హైవే పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో తోతాపురి కాయలకు ముచ్చికలు కోస్తోంది. కారే జీడి సొనకు గోళ్ళు నల్లబడిపోతాయి. సీజను ఇంకో మూడు వారాలుంది. కడుపుతో ఉన్నవాళ్ళు నిలబడి పనిచెయ్యాలంటే ఒంట్లో రక్తం బాగుందని ఫోనులో మెసేజీ చూపించాలని ఫ్యాక్టరీ మేస్త్రీ పట్టు.

"గోర్లు నిమ్మకాయతో రుద్ది తోమినా నర్సమ్మా, జీడి నలుపంతా పోయింది. ఆషాడం గదా, గోరింటాకు మాత్రం ఉండాది. పర్వాలేదా?" అంది మునెమ్మ.

"పర్వాలేదులే మునెమ్మక్కా. కూర్చో లోహితా."

మిషను వేలిని పట్టుకుంది, దీపం వెలిగింది, ట్యాబు మీద అంకె పడింది. పన్నెండు పాయింట్ మూడు. చుట్టూ ఆకుపచ్చ రంగు.

"సూడు, పచ్చగా వొచ్చింది!" అని మునెమ్మ కోడలి భుజం తట్టింది. "ఊరికే ఆయాసం ఆయాసం అంటాదీ పిల్ల. మిషను అబద్ధం సెప్తాదా? నర్సమ్మా, ఆ మెసేజీ నా ఫోనుకే పంపు, మేస్త్రీ మొకాన పెడతా."

హుమేరా మెసేజీ పంపింది. పంపాక, చెయ్యి ఊరికే ఉండక, పాత అలవాటు కొద్దీ లోహిత కంటి కింది రెప్పను బొటనవేలితో కిందికి లాగి చూసింది. లోపల ఎర్రగా ఉండాల్సిన చోట ఉడికిన గుడ్డు తెల్లసొన రంగు. రెండో కన్నూ లాగింది. అదీ అంతే. నాలుక చాపమంది. నాలుకా పాలిపోయి ఉంది. లోహిత చీర కొంగు మూలలో ఏదో ముడి కనిపిస్తే వేలితో నొక్కింది. బియ్యం.

"పచ్చి బియ్యం తింటాండావా?"

లోహిత సిగ్గుపడి కొంగు లాక్కుంది. "ఊరికే అక్కా. నోరూరతాది."

రక్తం తగ్గినవాళ్ళకు మన్నూ, బలపమూ, పచ్చి బియ్యమూ తినాలనిపిస్తుందని హుమేరా ఊరంతటికీ పాఠం చెబుతుంది. ఈ పిల్లకు ఎనిమిదికి మించి ఉండదని ఆ కంటిరెప్ప చెబుతోంది. పన్నెండు దాటిందని మిషను చెబుతోంది. అర పాయింటో పాయింటో అయితే సరే, నాలుగు పాయింట్లు ఎక్కడికి పోయాయి? శనివారం వ్యాను వస్తుంది. తొమ్మిదికి తక్కువున్న వాళ్ళను చిత్తూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి ఐరన్ డ్రిప్పు ఎక్కిస్తారు. శుక్రవారం సాయంత్రం అయిదుకు జాబితా మూసుకుపోతుంది. జాబితాలోకి పేరు పంపేది మిషనే. నర్సులు చేత్తో రాసేదానికి గడి లేదు. కాన్పు దగ్గరికొచ్చిన పిల్ల, ఈ రక్తంతో కాన్పు గదిలోకి పోతే ఏమవుతుందో హుమేరాకు బాగా తెలుసు.

దీనికి తోడు ఇంకో ఇరకాటం. పోయిన వారమే అధికారుల గ్రూపులో ఒక మెసేజీ వచ్చింది. రాళ్ళకుప్పం సబ్‌సెంటరు మొత్తం ఆకుపచ్చ, గర్భిణుల్లో రక్తహీనత సున్నా, నెలాఖరు మీటింగులో ఏఎన్ఎం హుమేరాకు శాలువా. ఆ మెసేజీని ఆమె రెండుసార్లు చదువుకుంది. అబద్ధమెందుకు, నాలుగుసార్లు చదువుకుంది.

*

లెక్క కుదరకపోతే హుమేరాకు అన్నం సయించదు. ఆ సాయంత్రం పెరట్లో గోరింటాకు కోసి నూరింది. ఎడమచేతి అయిదు గోళ్ళకూ పట్టించి, కుడిచేతిని శుభ్రంగా వదిలేసింది. ఆమె భర్త జుల్ఫికర్ హైవే మీద లారీ సీట్లకు కవర్లు కుడతాడు. ఇంటికొచ్చి భార్య అవతారం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఒక చేతికి పెళ్ళి, ఇంకో చెయ్యి ఏం పాపం చేసింది అని ఉర్దూలో అడిగాడు. పరీక్ష అంది హుమేరా. ఈ వయసులో పరీక్షలేంటని నవ్వి, అన్నం ఆయనే పెట్టుకుని తిన్నాడు.

ఆమె అనుమానం ఇది. గోరింటాకు ఎర్రగా పండితే మిషను ఆ ఎరుపునూ రక్తమనుకుని కలుపుకుంటోంది. ఆషాఢమంతా ఊళ్ళో ఏ ఆడదాని వేళ్ళు చూసినా ఎరుపే. తన గల్లీలోనూ అంతే, పండగకు పెట్టుకున్నది ఇంకా పోలేదు. అందుకే ఊరంతా ఆకుపచ్చ అయిందేమో! ఆలోచించేకొద్దీ ఆమెకు హుషారొచ్చింది. ఇంత పెద్ద పెద్ద చదువులు చదివి మిషను చేసినవాళ్ళకు గోరింటాకు సంగతి తట్టలేదే అని జాలి కూడా పడింది.

మంగళవారం పొద్దున సబ్‌సెంటర్లో పాత రిజిస్టరు వెనక గీతలు గీసుకుని కూర్చుంది. కుడి చూపుడువేలు, పన్నెండు పాయింట్ ఆరు. ఎడమ చూపుడువేలు, పండిన గోరింటాకుతో, పదమూడు పాయింట్ ఒకటి. నడిమివేలు పదమూడు. ఉంగరపువేలు పదమూడు పాయింట్ రెండు. మళ్ళీ చూసింది. రవ్వంత కిందా మీదా అదే. బజారునుంచి తెప్పించిన తోతాపురి కాయ ముచ్చిక విరిచి, కుడి ఉంగరపువేలి గోరుకు జీడి రుద్ది ఆరబెట్టింది. పన్నెండు పాయింట్ రెండు. పసుపు రాసి చూసింది, చింతపండు రసంలో నానబెట్టి చూసింది, వేడినీళ్ళలో ముంచి చూసింది, ఎండలో కూర్చుని చూసింది. బిడ్డకు టీకా వేయించుకోవడానికొచ్చిన తల్లి ఒకామె ఇదంతా చూసి, "ఏమైందక్కా వేలికి?" అని దిగులుగా అడిగింది.

"వేలికేం కాలేదు, నాకే పిచ్చి పట్టింది," అంది హుమేరా.

పిచ్చి పట్టినట్టే ఉంది. గోరింటాకు అర పాయింటు పెంచుతోంది. జీడి కొంచెం తగ్గిస్తోంది. నాలుగు పాయింట్లు పెంచేది ఏదీ లేదు. తన కుడి చూపుడువేలు మాత్రం ఎన్నిసార్లు పెట్టినా పన్నెండు పాయింట్ ఆరు దగ్గర్నుంచి కదల్లేదు. అంత నిలకడగా ఉంది కదా, మిషను మంచిదే అన్నట్టు. మరి లోహిత కంటిరెప్ప?

*

బుధవారం పొద్దున హుమేరా మునెమ్మ ఇంటికి పోయి, లోహితను ఆసుపత్రికి తీసుకెళ్తానంది.

"పచ్చ వొచ్చినాంక మళ్ళా సూది దేనికి?" మునెమ్మ సంగటి కెలికే కర్ర పక్కనబెట్టి వచ్చింది. "మిషనొచ్చిందే సూది తప్పిచ్చేదానికని సెప్పింది నువ్వే గదా."

"సెప్పినా. ఇప్పుడు నాకే అనుమానంగా ఉండాదక్కా. రెండు గంటలు పంపియ్యి, ఫ్యాక్టరీ టయానికి తెచ్చి వొదిలిపెడతా."

మునెమ్మ గొణుక్కుంటూనే పంపింది. షేర్ ఆటోలో నాలుగు కిలోమీటర్లు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ల్యాబులో గోవిందు స్టూలు మీద కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. ముప్పై ఏళ్ళుగా అక్కడే టెక్నీషియన్. ఇంకో ఏడాదికి రిటైరవుతాడు.

"గోరు మిషను అమ్మగారు నా గుడిసెకొచ్చినారే!" అన్నాడు. "మీ మిషనొచ్చినాంక నాకు రక్తం చూసే స్ట్రిప్పులే ఆపేసినారమ్మా. సుమ్మా ఊరికే కూసోనుండా ఈడ."

"ఈ పిల్ల రక్తం చూడాల, అన్నా. ఎట్లైనా సరే."

గోవిందు లోహిత మొహం ఒక్కసారి చూశాడు. ఇంకేం అడక్కుండా వంగి బీరువా కింది అరలోంచి ఒక చెక్కపెట్టె లాగాడు. అందులో ఒక సన్నటి గాజుగొట్టం, దానికి అటూ ఇటూ కాఫీ రంగు గాజుపలకలు బిగించిన చట్రం. పారెయ్యమని మూడుసార్లు చెప్పారట, ఆయనకే మనసు రాలేదట. గొట్టంలో కింది గీత దాకా యాసిడ్ చుక్కలు వేశాడు. లోహిత ఉంగరపువేలిని దూదితో తుడిచి, టక్కున పొడిచి, సన్నటి పీకతో గీత వరకూ రక్తం పీల్చి, యాసిడ్‌లోకి మెల్లగా వదిలాడు. రక్తం గోధుమరంగుకు తిరిగింది. పది నిమిషాలు ఆగాలి. ఆ పది నిమిషాలూ గోవిందు లోహితతో ఫ్యాక్టరీలో రోజుకు ఎన్ని కాయలు కోస్తావు, చేతులు మండవా అని మాట్లాడుతూనే ఉన్నాడు. ఆ తర్వాత కిటికీ దగ్గర వెలుతుర్లో గొట్టం పట్టుకుని, ఒక్కొక్క చుక్క నీళ్ళు కలుపుతూ, గాజుకడ్డీతో కలియబెడుతూ, పక్క పలకల రంగుతో పోల్చుకుంటూ వచ్చాడు. రంగులు మూడూ ఒక్కటైన చోట ఆగి గొట్టం మీది అంకె చూశాడు.

"ఏడు పాయింట్ ఆరు."

సోమవారం హుమేరా అనుకున్నదే. అయినా వెంటనే నమ్మబుద్ధి కాలేదు. మిషను ఫొటో తీసి లెక్కేస్తుంది. ఈయన కంటితో రంగు పోలుస్తున్నాడు.

"మీ గొట్టం సరిగ్గా చూపిస్తాదని ఎట్ల నమ్మేదన్నా?"

"అర పాయింటు అటూ ఇటూ అయితాది. అంతకు మించి కాదు."

"నాది చూడండి. నాది పన్నెండున్నర. ఆ అంకె వస్తే మీ గొట్టానికి దండం పెడతా."

గోవిందు నవ్వి, గొట్టం కడిగి, మళ్ళీ మొదలుపెట్టాడు. హుమేరా ఈసారి కిటికీ దగ్గర ఆయన భుజం పక్కనే నిలబడి చూసింది. నీళ్ళు పడ్డాయి, ఇంకా పడ్డాయి. ఏడు దాటింది, ఎనిమిది దాటింది. గోవిందు కడ్డీ ఆపేశాడు.

"ఇంకా కలపండన్నా."

"కలిపేదానికి లేదమ్మా. రంగు కుదిరిపోయింది. ఎనిమిది పాయింట్ నాలుగు."

"మీ గొట్టం చెడిపోయింది."

ఆయన కోపగించుకోలేదు. తన వేలు తనే పొడుచుకుని మూడోసారి అదంతా చేశాడు. పద్నాలుగు పాయింట్ రెండు. తర్వాత గొట్టం స్టాండులో పెట్టి, అడక్కుండానే హుమేరా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, కంటి కింది రెప్పను లాగి చూశాడు.

"నువ్వు రక్తం సూపిచ్చుకోని ఎన్నేండ్లయింది?"

"చేరేటప్పుడు."

"అంటే?"

"ఆరేండ్లు."

రెండేళ్ళుగా ఆమెకు నెలసరి వస్తే పది పన్నెండు రోజులు ఆగడం లేదు. వయసు అలాంటిది, అందరికీ ఉండేదేలే అనుకుంది. సంచీ బరువెక్కువై మధ్యలో ఆగుతున్నానని అనుకుంది, చెప్పులు సరిగా లేక కాళ్ళు లాగుతున్నాయని అనుకుంది. ఊళ్ళో ఏ ఆడది ఆ మాట చెప్పినా చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కొచ్చేది. తన కంటిరెప్ప లాగి చూసినవాళ్ళు ఇన్నేళ్ళలో ఇప్పుడు ఈయనొక్కడే. అది తలుచుకుంటే ఏడుపొచ్చింది. కానీ ఏడుపుకంటే ముందు ఇంకో సంగతి తట్టి ఆమెను స్టూలు మీద కూలబెట్టింది.

ఆ గోరుకు పన్నెండు పాయింట్ ఆరు అని మిషనుకు నేర్పింది ఎవరు? తనే. పదకొండు సోమవారాలు, గంట మోగేవరకూ ఓపిగ్గా పట్టుకుని నేర్పింది.

"ఏమైందక్కా?" లోహిత దూది నొక్కుకుంటూ అడిగింది.

గోవిందుకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. హుమేరా చెప్పింది విని తల పంకించాడు. "అంగట్లో కిలో రాయి అరిగిపోయిందనుకో, దాంతో ఏం తూచినా తప్పే గదమ్మా. తక్కెడ ఏం చేస్తాది పాపం?" అన్నాడు.

పన్నెండు పాయింట్ ఆరులోంచి ఎనిమిది పాయింట్ నాలుగు తీసేస్తే నాలుగు పాయింట్ రెండు. పన్నెండు పాయింట్ మూడులోంచి ఆ నాలుగు పాయింట్ రెండూ, గోరింటాకు పెంచిన అర పాయింటూ తీసేస్తే ఏడు పాయింట్ ఆరు. గొట్టం చూపించిన అంకె అదే. హుమేరా రెండు రోజులుగా వెతుకుతున్న లెక్క దొరికింది. ఇంత కచ్చితంగా కుదిరిన లెక్కను చూసి ఇంత బాధపడతానని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

తిరిగొచ్చేటప్పుడు, ఈ రెండు రోజులూ పనికి పోవద్దనీ, అత్తకు తనే చెబుతాననీ లోహితతో అని, ఆటోలో ట్యాబు తీసి జాబితా చూసుకుంది. మూడు నెలల్లో అరవై నాలుగు పేర్లు. ఒక్కొక్క అంకెలోంచి నాలుగు పాయింట్ రెండు తీసుకుంటూ పోయింది. పదమూడో పేరు దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. దేవకమ్మ కోడలు. పోయిన నెల కాన్పు. విపరీతంగా రక్తం పోయి, చిత్తూరులో మూడు సీసాల రక్తం ఎక్కిస్తే బతికింది. కాన్పుకు ముందు ట్యాబులో పదకొండు పాయింట్ రెండు, ఆకుపచ్చ. అంటే ఏడు.

*

గురువారం సూపర్‌వైజరు జ్ఞానాంబ సబ్‌సెంటరుకు వచ్చింది. హుమేరానే ఫోను చేసి పిలిచింది. జ్ఞానాంబ చెడ్డమనిషి కాదు. హుమేరా చెప్పిందంతా వింది, గోవిందు రాసిచ్చిన చీటీ చూసింది, ముక్కు మీది కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ముందు నీళ్ళు తాగు," అంది.

"ఆధారం మార్చాలి మేడం. మార్చేటప్పుడు కారణం అడుగుతాది."

ట్యాబులో మూడు కారణాలున్నాయి. మిషను లోపం. గోరు సరిగా పడలేదు. ఆధార వ్యక్తి వివరాలు తప్పు.

"మొదటిది కొట్టు," అంది జ్ఞానాంబ. "దానికేం నోరుండాదా, ఎదురు చెప్తాదా? తిరుపతికి సర్వీసుకు పోతాది, మూడు వారాల్లో కొత్తదొస్తాది. మీటింగులో మీ ఊరి పచ్చ అట్లే ఉంటాది. ఆ లోహితకు నేను చీటీ రాసిస్తా, వ్యానులో ఎక్కిస్తాం. సరేనా?"

"మిగతావాళ్ళు?"

"కొత్త మిషనొస్తానే చూద్దాం."

"మిషను లోపమని కొడితే పాత లెక్కలు అట్లే ఉండిపోతాయి మేడం. పచ్చగానే. వాళ్ళను మళ్ళీ పిలవమని ఎవరూ చెప్పరు. మూడో కారణం కొడితేనే అన్నీ తెరుచుకుంటాయి."

"తెరుచుకుంటాయి, నీ పేరుతో జిల్లాకు పోతాయి." జ్ఞానాంబ గొంతు తగ్గించింది. "ఆగస్టులో నీ కాంట్రాక్టు రెన్యూవలు. అప్పుడు నాదీ, నీదీ ఇద్దరి సంతకాలూ చూస్తారు. దేవకమ్మ కోడలి సంగతి బయటికొస్తే ఎవరి మెడకు చుట్టుకుంటాది? కావాలని చేసినావా నువ్వు? లేదు గదా. ఎందుకమ్మా తలమీదికి తెచ్చుకునేది?"

హుమేరా ట్యాబును దగ్గరికి లాక్కుంది. ఆమెకు భయం వేసింది. జుల్ఫికర్ కుట్టుమిషనొక్కటీ ఇల్లంతా లాగలేదని భయం వేసింది. శాలువా సంగతి గ్రూపులో మళ్ళీ ఎవరైనా అడుగుతారేమోనని సిగ్గు వేసింది. ఇవన్నీ ఉన్నాయి. అయినా ఆ ట్యాబును చూస్తుంటే, దేవకమ్మ కోడలి పేరు పక్కన ఇప్పటికీ వెలుగుతున్న ఆకుపచ్చ చుక్క మీదికే కళ్ళు పోతున్నాయి.

"ఆ చుక్కను చూస్తా ఉండలేను మేడం," అని మూడో కారణం నొక్కింది.

ఆకుపచ్చ చుక్కలన్నీ ఒక్కొక్కటే బూడిద రంగుకు మారుతూ పోయాయి. పేరు పేరు పక్కనా మళ్ళీ పరీక్షించాలి అని పడింది. జ్ఞానాంబ కళ్ళద్దాలు పెట్టుకుని, సంచీ తీసుకుని, మెట్లు దిగిపోయింది. ఆమె స్కూటరు హైవే ఎక్కే దాకా హుమేరాకు ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది.

*

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికే గోవిందు తన పాత టీవీఎస్ మీద రాళ్ళకుప్పం వచ్చాడు. "నా వేలు అద్దెకిస్తానమ్మా, పద్నాలుగు పాయింట్ రెండు, మంచి సరుకు," అంటూ మిషను నోట్లో వేలు పెట్టాడు. ట్యాబు గంట మోగించింది. హుమేరా ఆ వెంటనే, పేరు కొట్టకుండా, తన వేలు పెట్టి చూసింది. ఎనిమిది పాయింట్ మూడు. ఎరుపు. మిషనుకు పాపం ఏ కక్షా లేదు, నేర్పినట్టు చెబుతుంది.

పదింటికల్లా వరండా నిండిపోయింది. ఎందుకు మళ్ళీ పిలిచిందో చెప్పకుండా పని మొదలుపెట్టవచ్చు. హుమేరా అలా చెయ్యలేదు. గుమ్మంలో నిలబడి, మిషనుకు తన గోరు చూపించి తప్పు నేర్పాననీ, మూడు నెలలుగా అందరికీ లేని రక్తం ఉందని చెప్పాననీ, తప్పు మిషనుది కాదనీ చెప్పింది.

ముందుగా లేచింది మునెమ్మే.

"ఏందీ, లేని రక్తం ఉండాదన్నావా? నీ మాట నమ్మి నా కోడల్ని దినామూ ఎనిమిది గంటలు నిలబెట్టించినా గదే! ఆయాసమంటే సోమరిపోతని తిట్టినా! నీ మెసేజీ మేస్త్రీ మొకాన పెట్టి మరీ పంపిస్తి! ఆ పిల్లకేమన్నా అయింటే నా కొడుక్కేం సెప్పాల నేను? నీకు జీతమిచ్చేది దేనికి? సదువుకున్నావు, కోటు ఏసుకున్నావు, నీ రక్తమెంతో నీకు తెలీదా?"

"తెలీదక్కా," అంది హుమేరా.

మునెమ్మ ఇంకా చాలా అంది. ఆ తిట్లు అయ్యేటప్పటికి, మెట్ల మీద కూర్చున్న దేవకమ్మ తలెత్తింది.

"మా కోడలు సచ్చి బతికింది నర్సమ్మా."

"అవును దేవకమ్మా. నావల్లే."

దేవకమ్మ ఆమె వైపు చూసింది. క్షమించిందో లేదో ఆ మొహంలో ఏమీ తెలియలేదు. తర్వాత పక్కనున్న కోడల్ని లేపి, బిడ్డను తన ఒళ్ళోకి తీసుకుని, "పో, ఏలు పెట్టు," అంది.

సాయంత్రం నాలుగున్నర దాకా అన్నం లేదు. నలభై తొమ్మిది మంది వచ్చారు, మిగిలినవాళ్ళ ఇళ్ళకు వచ్చే వారం పోవాలి. గోరింటాకున్న వేళ్ళను వదిలి, ఆకు తగలని కాలి బొటనవేలి గోరును చూడొచ్చని లోహితే కనిపెట్టింది. ఆమె కాలు పైకెత్తలేకపోతే గోవిందు మిషనునే నేల మీదికి దించాడు. ఆ ఉపాయానికి వరండాలో మొదటిసారి నవ్వులు వినిపించాయి. లోహితకు ఏడు పాయింట్ అయిదు. తొమ్మిదికి తక్కువున్నవాళ్ళు మొత్తం పదకొండు మంది. అయిదుకు పది నిమిషాల ముందు పదకొండు పేర్లూ జాబితాలోకి పోయాయి. అయిదూ ఇరవైకి ఇంకో మెసేజీ వచ్చింది, హుమేరా పేరుతో. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట.

*

శనివారం వ్యానులో పదకొండు మంది గర్భిణులు, బాలింతలు, వాళ్ళ తోడుకు అత్తలూ అమ్మలూ. హుమేరా డ్రైవరు పక్కన కూర్చుంది. పలకరిస్తే మునెమ్మ మొహం తిప్పుకుంది. చిత్తూరు దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

పెద్దాసుపత్రిలో వార్డంతా ఫినాయిలు వాసన. హుమేరా ఒక్కొక్కరినీ మంచమెక్కించింది, చీటీలు చూపించింది, చేతుల కింద దిండ్లు సర్దింది. కాఫీ డికాషను రంగులో ఉన్న మందు సీసాల్లోంచి చుక్క చుక్కగా దిగడం మొదలైంది. లోహిత ఆ చుక్కల్ని లెక్కపెడుతూ, నిమిషానికి ఎన్ని పడాలి అక్కా, ఎవరు చెబుతారు, తక్కువ పడితే ఏమవుతుంది అని అడుగుతూనే ఉంది. తన రెండేళ్ళ డిగ్రీ అప్పుడే గుర్తొచ్చినట్టుంది ఆ పిల్లకు.

వార్డు నర్సు ట్యాబు పట్టుకుని మంచం మంచానికీ పేరు సరిచూసుకుంటూ వచ్చింది. పదకొండూ అయ్యాక కిటికీ పక్కన ఖాళీగా ఉన్న మంచం దగ్గర నిలబడింది.

"హుమేరా ఎవరమ్మా?"

"నేనే. వీళ్ళను తీసుకొచ్చినా. ఇంకేమైనా సంతకం చెయ్యాలా?"

"సంతకం కాదు, మంచమెక్కండి. పన్నెండో పేరు మీదే. పొద్దున మీ సూపర్‌వైజరు జ్ఞానాంబ మేడం మూసిన జాబితా తెరిపించి ఎక్కించినారు. ఎనిమిది పాయింట్ నాలుగని గొట్టం చీటీ కూడా జతచేసినారు."

హుమేరా ట్యాబులోకి తొంగి చూసింది. నిన్నంతా జ్ఞానాంబ ఫోను చెయ్యలేదు. ఇక ఆమె తన మొహం చూడదనే హుమేరా అనుకుంది.

"మీ తరఫున ఎవరొచ్చినారు?" నర్సు ట్యాబులోని గడి నింపడానికి వేలు పెట్టి ఆగింది. "తోడు లేకుండా డ్రిప్పు పెట్టం. ఒంటి మీద దద్దుర్లు రావచ్చు, చలి రావచ్చు. ఎవరో ఒకరుండాల."

ఎవరొచ్చారు? జుల్ఫికర్‌కు ఆమె ఇంకా చెప్పనే లేదు. వెధవ లెక్కలన్నీ కుదిరాక చెబుదామనుకుంది. పదకొండు మందినీ వెంటబెట్టుకొచ్చింది తనే. తనకు తోడు కావాలని ఎప్పుడు అనుకుంది కనక? "నేను తర్వాత వస్తాలే సిస్టర్, ఈ పూట వీళ్ళను చూసుకోవాల," అని వెనక్కి జరిగింది.

"ఆడనే ఉండు," అంది మునెమ్మ.

లోహిత మంచం పక్కనున్న స్టూలు మీంచి మునెమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచింది. స్టూలును ఎత్తి, రెండు మంచాల మధ్యకు తెచ్చి వేసుకుని కూర్చుంది.

"రాసుకోమ్మా. మునెమ్మ."

"ఈమెకు ఏమవుతారు?"

మునెమ్మ హుమేరా వైపు చూసింది. నిన్న తిట్టిన కోపం ఇంకా పూర్తిగా పోలేదు ఆ కళ్ళల్లో.

"నిన్న ఊరందరి ముందరా కడుపారా తిట్టినా. అత్త అనే రాసుకో," అంది.

నర్సు నవ్వాపుకోలేక అలాగే రాసుకుంది. హుమేరా చెప్పులు విడిచి, కొంగు సర్దుకుని, ఆ మంచం మీద వెల్లకిలా పడుకుని చెయ్యి చాపింది.